ఇస్త్రీ గదికి కొత్త తీగ

“అత్తయ్యా, ఒక్క అరగంట ఆ ఫోను పక్కన పెడతారా? నాకు పనుంది.”

ఈ ఒక్క ముక్క అనడానికి ఆమె హాల్లో ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగేదో చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. దుమ్ము లేని బల్ల మళ్లీ తుడిచేది, కర్టెన్ సర్దేది, నీళ్లున్న గ్లాసు తీసుకెళ్లి మళ్లీ నీళ్లతోనే తెచ్చిపెట్టేది. అప్పటికి అత్తగారి ఫోన్లో సీరియల్లో ఎవరో ఒకరు ఏడవడం ముగించేవారు. ఆ సందు చూసి అడిగేది. అత్తగారు చెడ్డమనిషేం కాదు. “దానికేముంది, పెట్టేస్తాలే” అనేవారు. కాకపోతే ఫోను బోర్లా పెట్టి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఆ అరగంటా ఎదురుగోడ చూస్తూ కూర్చునేవారు. ఇస్త్రీ గదిలో తలుపేసుకుని పనిచేస్తున్నంతసేపూ కోడలికి ఆ కూర్చున్న తీరే కళ్లముందు మెదిలేది.

ఆమె సైగల భాష దుబాసి. వినికిడి లేనివాళ్లు ఏ ఆసుపత్రికో బ్యాంకుకో వెళ్తే అక్కడి కంప్యూటర్ తెర మీద ఈమె కనిపిస్తుంది. వాళ్ల చేతులు చెప్పేది తన నోటితో చెప్తుంది, అవతలివాళ్ల నోరు చెప్పేది తన చేతులతో చెప్తుంది. పుట్టుకతో వినపడని అక్కతో కలిసి పెరిగింది కాబట్టి ఆమెకి మాటలకంటే ముందు సైగలే వచ్చాయి. పరీక్ష పాసై, దుబాసీలని పంపే సంస్థ జాబితాలో పేరెక్కి తొమ్మిదేళ్లు. ఇస్త్రీ బల్లే ఆమె ఆఫీసు. వెనక గోడకి నీలం దుప్పటి మేకులతో కొట్టి, చేతులు స్పష్టంగా కనపడాలని నల్ల చొక్కా వేసుకుని, ఉతికిన బట్టల గుట్టని కెమెరాకి అందనంత దూరం కాలితో తోసి కూర్చునేది. ఇంటికి చుట్టాలొస్తే భర్త, “మా ఇంట్లో రోజూ మూగ సినిమా ఆడుతుంది, టిక్కెట్ లేదు, ఎవరైనా చూడొచ్చు” అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే బాగుండదు కదా మరి.

ఆ ఇంట్లో నెట్ సంగతి చెప్పాలి. మామగారు బతికున్నప్పుడు పెట్టించిన టెలిఫోను తీగ మీదే అది వచ్చేది. ఆయన ఆ ఫోను కోసం ఎన్నో ఏళ్లు ఎదురుచూశారట. వచ్చిన రోజు వీధి వీధంతా వచ్చి చూసిందట. ఆయన పోయారు, ఫోను మోగడం మానేసింది, తీగ మాత్రం మిగిలింది. ఇంట్లో ముగ్గురూ దాని మీదే ఆధారపడి ఉన్నారు. ఒకరు వీడియో పెడితే ఇంకొకరి బొమ్మ ఆగిపోతుంది. ఆమె రెండేళ్లుగా చెప్తూనే ఉంది. చెప్పినప్పుడల్లా భర్త, నాన్న తీగ తీసేస్తే అమ్మ బాధపడుతుందని, ప్లాను పెంచేవాడు. పెంచి, ఫోన్లో స్పీడు చూపించే ముల్లు తిప్పి చూసుకుని, “చూడు, ఎలా పరిగెడుతోందో. నీకు వాడటం రాకపోతే తీగేం చేస్తుంది?” అనేవాడు. వాడటం రాకపోవడమంటే ఏమిటో ఆమెకి ఎప్పుడూ అర్థం కాలేదు. అయినా తనకి రావడంలేదేమోనని సిగ్గుపడింది. పనిలో ఉన్నవాళ్లు అడిగితే, “మా వైపు ఇంకా కొత్త లైన్లు రాలేదండీ” అని అబద్ధం చెప్పేది. మా ఇంట్లో నా పనికి అంత విలువ లేదండీ అని చెప్పడం కంటే అదే నయం అనిపించేది.

ఇంకొక సంగతి కూడా చెప్తే గానీ జరిగింది బోధపడదు. ఆమె ఆ ఇంట్లో అందరి మాటలూ సగంలోనే అందుకునేది. “అదిగో, అది...” అని అత్తగారు అనగానే కళ్లజోడు తెచ్చిచ్చేది. భర్త తలుపు దగ్గర ఆగి జేబు తడుముకుంటే తాళాలు అందించేది. ఆయన గొంతు సవరించుకునే తీరుని బట్టి ఆఫీసులో ఏం జరిగిందో తెలుసుకుని, ఆ రోజు ఏం మాట్లాడకూడదో నిర్ణయించుకునేది. పెళ్లిచూపులప్పుడు పిన్ని, “మా పిల్లకి నోరు విప్పి చెప్పక్కర్లేదండీ, మొహం చూసి తెలుసుకుంటుంది” అని గొప్పగా చెప్పింది. అది గొప్పేననుకుంది ఆమె కూడా. ఎవరూ నోరు విప్పక్కర్లేని ఇంట్లో తొమ్మిదేళ్లు ఆ చాకిరీ చేసీ చేసీ, ఎవరేమంటారో అనకముందే నింపేయడం ఒంటికి పట్టేసింది.

ఆ రోజు ఫోను పక్కన పెట్టమని అత్తగారిని అడగలేదు. ముందురోజే భర్త అన్నాడు, “పొద్దస్తమానం ఒంటరిగా కూర్చునే మనిషి. మా అమ్మ చూసుకునే ఆ కాస్తా నీకు కంటగింపేనా?” అని. ఆ మాటకి తల కొట్టేసినట్టయింది. కంటగింపు కాదని ఎలా చెప్పాలో తెలియక, మర్నాడు అడక్కుండానే తలుపేసుకుంది.

తెర మీద ఒక కుట్టుపనావిడ. యాభై దాటి ఉంటాయి. వేళ్ల కణుపులు వాచి, బిగుసుకుని, సూదిలో దారం కూడా ఎక్కించలేకపోతోంది. ఆవిడ బతుకుతెరువూ ఆ వేళ్లే, నోరూ ఆ వేళ్లే. సైగ చేస్తుంటే మధ్యలో నొప్పికి మొహం ముడుచుకునేది, మళ్లీ మొదలుపెట్టేది. పక్కన డాక్టరు. బొమ్మ మొదటినించీ సతాయించింది. “క్షమించండి, మళ్లీ చెప్పమంటున్నాను” అని ఆమె ఒకసారి అంది. రెండోసారి అంది. మూడోసారి అనేసరికి డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి, “మీ దగ్గర నెట్ ఎప్పుడూ ఇంతేనా అమ్మా?” అన్నాడు. బయట హాల్లోంచి సీరియల్ సంగీతం లోపలికి వినపడుతోంది. అది డాక్టరుకి కూడా వినపడే ఉంటుంది. ఆమెకి చెవులు వేడెక్కిపోయాయి.

డాక్టరు అడిగాడు, “ఇంతకుముందు ఏదైనా మాత్ర వేసుకుంటే పడకపోవడం లాంటిది ఉందా?”

ఆమె అది సైగ చేసింది. కుట్టుపనావిడ కుడిచెయ్యి పైకి లేచింది. చెంప దాకా వచ్చింది. అక్కడ బొమ్మ ఆగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్లీ కదిలేసరికి ఆవిడ చేతులు ఒళ్లో ఉన్నాయి, తల అడ్డంగా ఊపుతోంది. డాక్టరు కలం పట్టుకుని చూస్తున్నాడు. నాలుగోసారి మళ్లీ చెప్పమనడానికి ఆమెకి నోరు రాలేదు.

“లేదండీ. నాకు అలాంటిదేమీ లేదు” అంది. దుబాసి ఎప్పుడూ చెప్పేవాళ్ల గొంతుతోనే మాట్లాడాలి, అది వృత్తి పద్ధతి. డాక్టరు రాసుకున్నాడు. మాత్రలు రాశాడు. వారం తర్వాత రమ్మన్నాడు.

తలుపు తీసి బయటికొచ్చి వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే ఆ చెంప దాకా వచ్చిన చెయ్యి గుర్తొచ్చింది. లేదని చెప్పడానికి చెయ్యి చెంప దాకా ఎందుకెళ్లింది? చెమట తుడుచుకుందేమో. జుట్టు సర్దుకుందేమో. తల అడ్డంగా ఊపింది కదా, అంటే లేదనే. ఇలా తనకి తనే నచ్చజెప్పుకుంటూ ఒకే గిన్నె మూడుసార్లు కడిగింది. ఆసుపత్రికి ఫోన్ చేసి, ఆవిడ చెప్పింది నాకు కనపడలేదు, ఇంకోసారి కనుక్కోండి అంటే సరిపోయేది. చాలా చిన్న పని. ఏ మొహం పెట్టుకుని చేస్తుంది? చూడనిది చెప్పకూడదన్నది ఆ పనిలో మొట్టమొదటి సూత్రం. ఒక్క ఫిర్యాదు వస్తే జాబితాలోంచి పేరు తీసేస్తారు. ఆ ఇంట్లో ఆమెదంటూ ఉన్నది ఆ పేరొక్కటే. ఫోన్ చెయ్యలేదు.

తప్పు ఒకచోట జరిగితే మరమ్మత్తు ఇంకోచోట మొదలుపెట్టే మనుషులుంటారు. ఆ సాయంత్రమే ఆమె ఇంటర్నెట్ ఆఫీసుకి ఫోన్ చేసి, మనిషిని పంపమంది. తొమ్మిదేళ్లలో ఆ ఇంటికి సంబంధించి ఆమె ఎవర్నీ అడక్కుండా చేసిన పని అదొక్కటే. అంత ధైర్యం ఎక్కణ్నించి వచ్చిందని మెచ్చుకునేరు. అది ధైర్యం కాదు. ఒంటి మీద పురుగు పాకుతున్నట్టు, ఏదో ఒకటి దులుపుకోవాలనిపించడం.

మూడో రోజు పొద్దున్నే లైనుమనిషి వచ్చాడు. పెద్దవయసువాడు, అరిగిన చెప్పులు గుమ్మం బయటే విడిచి, నడుముకి కట్టుకున్న సంచిలోంచి చిన్న మీటరు తీసి గోడ దగ్గర కూర్చున్నాడు. భర్త అప్పుడే ఆఫీసుకి బయల్దేరబోతూ ఆగిపోయాడు.

“నాతో ఒక్క మాట చెప్తే నేను చూసేవాణ్ని కదా” అన్నాడు ఆమెతో. తర్వాత లైనుమనిషి వైపు తిరిగి, “మొన్ననే ప్లాను పెంచానండీ. అన్నిటికంటే పెద్దదే తీసుకున్నాను. మోడెమ్‌లోనే ఏదో తేడా ఉంది” అన్నాడు.

లైనుమనిషి మీటరు వంక చూస్తూ నవ్వాడు. “మోడెమ్ బంగారంలా ఉంది సార్. ఇది రాగితీగ. వీధి చివర పెట్టెనించి ఇక్కడిదాకా వచ్చేసరికి సిగ్నల్ నీరసించిపోతోంది. దీని మీద మీరు ఎంత ప్లాను వేసినా వచ్చేది ఇంతే. సందు ఇరుకైతే పెద్ద బండి కొని ఏం చేసుకుంటాం?”

“మరి ముల్లు బాగానే చూపిస్తోందే?”

“అది ఇటు వచ్చేది. ఎవరూ వాడనప్పుడు చూసుంటారు. ఇక్కణ్నించి అటు పోయేది చూశారా? ఇదిగో.” మీటరు తిప్పి చూపించాడు. “నత్తనడక. వీడియోలో మాట్లాడేవాళ్లకి రెండూ కావాలి కదా. ఇంట్లో ఎక్కువ వాడేది ఎవరు?”

“నేనే” అన్నాడు భర్త.

లైనుమనిషి ఫోన్లో ఏదో చూసుకుని, “పగలంతా మరి ఒక లాప్‌టాపే నడుస్తోంది సార్, ఆ చివర గదిలోంచి” అన్నాడు. భర్త వాచీ చూసుకున్నాడు.

తీగ మార్చడమే మార్గమన్నాడు లైనుమనిషి. ఫైబర్ అంటే గాజుతీగ, వెలుతురు మీద నడుస్తుంది, దూరానికి తగ్గదు. వీధిలోకి వచ్చి మూడేళ్లయిందట. పక్కింటివాళ్ల గోడ మీద వేలాడుతున్న నల్లతీగ అదేనట. ఆమె రోజూ బట్టలు ఆరేసేటప్పుడు చూసే తీగే. మా వైపు ఇంకా రాలేదండీ అని ఎంతమందికి చెప్పిందో తలుచుకుంటే చచ్చేంత సిగ్గేసింది.

అత్తగారు మెల్లిగా, “ఆయన నంబరు పోతుందా బాబూ?” అని అడిగారు.

“పోదమ్మా. అదే నంబరు కొత్తతీగ మీదికి మార్చుకోవచ్చు.”

“పోకపోతే మార్చండి మరి” అన్నారు అత్తగారు, అంత తేలిగ్గా. రెండేళ్లనించి అమ్మ బాధపడుతుంది, అమ్మ బాధపడుతుంది అని భర్త చెప్తున్నది దీని గురించే. ఆవిణ్ని ఎవరూ అడగలేదు. కోడలు కూడా అడగలేదు. మొహం చూసి తెలుసుకుంది మరి, తెలుసుకునే బుద్ధి ఉన్న పిల్ల!

భర్తకి ఇంకా ఒక అడ్డు మిగిలింది. “గోడకి కన్నం వెయ్యాలంటాడు. మొన్ననే రంగులేయించాం. హాల్లో అంత కన్నం ఏం బాగుంటుంది? ఇప్పుడు... అదీ... నీకు తెలుసు కదా” అన్నాడు. మామూలుగా అయితే ఆమెకి తెలిసేది. వచ్చే నెల చూద్దాం అన్నమాట అది, అంటే ఎప్పటికీ చూడొద్దని. “సర్లెండి” అనేసి లైనుమనిషికి టీ ఇచ్చి పంపేసేది.

“తెలీదు. ఏమిటో చెప్పండి” అంది.

భర్త తెల్లబోయి చూశాడు. ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే తెలీనట్టు అడిగింది. “నాకు టైమైపోతోంది. మీ ఇష్టం” అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. వాకిట్లోంచి, “మా ఆవిడ చాలా పెద్దదైపోయింది” అని తనకి తనే చెప్పుకోవడం లోపలికి వినపడింది.

“కన్నం ఎక్కడ వెయ్యమంటారు?” అడిగాడు లైనుమనిషి.

“ఇస్త్రీ గదిలో.”

“కనెక్షను ఎవరి పేరు మీద?”

ఆమె అత్తగారి వంక చూసింది. ఆవిడ మొహంలో ఏముందో చదవబోయి మానుకుంది. తన పేరు చెప్పింది. లైనుమనిషి కాగితం మీద రాసుకుని సంతకం పెట్టమన్నాడు. రేపే వచ్చి వేస్తానన్నాడు.

మర్నాడు ఇస్త్రీ గది గోడలోంచి సన్నటి తీగ ఒకటి లోపలికొచ్చింది. సున్నం దుమ్ము ఉతికిన బట్టల మీద పడితే ఆమె మళ్లీ ఉతికింది. సంతోషంగానే ఉతికింది. ఆ సాయంత్రం అక్కకి వీడియో కాల్ చేసింది. హాల్లో అత్తగారి సీరియల్, పక్కగదిలో భర్త ఆట, అన్నీ నడుస్తుండగా అక్క చేతులు తెర మీద నీళ్లలా కదిలాయి. చిటికెన వేలి గోరు విరిగిన సంగతి కూడా కనిపించింది. “ఇన్నాళ్లూ నీ మొహం మీద ముడతలు లేవనుకున్నాను, నెట్ దాచిందన్నమాట” అని అక్క సైగ చేస్తే ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. ఫోన్ పెట్టేశాక ఆమెకి మళ్లీ ఆ చెంప దాకా వచ్చిన చెయ్యే గుర్తొచ్చింది. ఇంత చేశాక కూడా అది పోలేదేమిటని తన మీద తనకే విసుగేసింది. అక్కకి కూడా చెప్పలేదు. చెప్తే అక్క ఏమంటుందో తెలుసు. ఆవిడ చోట నేనయితే? అంటుంది. అంతే అంటుంది.

వారం తిరిగింది. అదే ఆసుపత్రి, అదే వేళ. ఆ రోజు పిలుపు ఇంకెవరికైనా వెళ్తే బాగుండునని ఆశపడింది. వెళ్లలేదు.

తెర వెలగ్గానే కుట్టుపనావిడ మొహం కనిపించింది. బొమ్మ ఎంత స్పష్టంగా ఉందంటే, పెదవుల చుట్టూ చర్మం ఊడి పొరలు పొరలుగా లేస్తున్న ప్రతి చోటూ కనిపించింది. కళ్లకింద వాపు తగ్గి, ఎర్రటి మచ్చలు మిగిలాయి. డాక్టరు కాగితాలు తిరగేస్తూ చెప్పుకుపోయాడు. మాత్ర మొదలుపెట్టిన రెండో రోజుకి మొహం వాచి, ఊపిరి అందక, ఆసుపత్రిలో చేర్చి సూదులు వేయాల్సి వచ్చిందట. సమయానికి కూతురు తీసుకొచ్చింది కాబట్టి సరిపోయిందట.

“నేను ఆ రోజు అడిగాను కదమ్మా. ఇంతకుముందు ఏదీ పడకపోవడం ఉందా అంటే లేదన్నారు. అలా దాస్తే మేమేం చెయ్యగలం?” అన్నాడు.

దాన్ని ఆమె సైగ చెయ్యాలి. అదే ఆమె పని. చేతులు పైకెత్తింది. అడిగాను అంది చేతులతో. లేదన్నారు అంది. దాస్తే అంది. ఒక్కొక్క మాటా తన వేళ్లతో తనే, అవతల గాజుపలకలా స్పష్టంగా కనపడుతున్న ఆ మనిషికి అప్పజెప్పింది. తొమ్మిదేళ్లలో ఇంత నీచమైన పని ఇంకోటి చేసిన గుర్తు లేదు.

కుట్టుపనావిడ అయోమయంగా చూసింది. చెయ్యి చెంప దాకా లేచింది, బుగ్గ ఉబ్బినట్టు చూపించి, పడదని తల అడ్డంగా ఊపింది, ఇలాగే చెప్పాననుకున్నాను అంది. తర్వాత ఆ చేతిని తనే కిందికి దించి, రెండోచేత్తో పట్టుకుని వేళ్ల వంక చూసుకుంది. మళ్లీ సైగ చేసింది. ఇప్పుడు ఏ కదలికా తప్పిపోలేదు.

“నా వేళ్లు సరిగ్గా తిరగవు కదండీ. నేనే సరిగ్గా చెప్పి ఉండను. తప్పు నాదే, క్షమించండి” అని ఆమె నోటితో చెప్పాలి. చెప్పింది కూడా.

“సరే, ఇకనించి జాగ్రత్తగా ఉండండి” అని డాక్టరు కలం తీశాడు. రోగి వివరం చెప్పలేదు అని నోటితో అనుకుంటూ రాయడం మొదలుపెట్టాడు.

ఆ వాక్యం పూర్తయితే అయిపోతుంది. ఇక ఎవరూ ఎప్పుడూ అడగరు. ఆ పెద్దావిడ జీవితాంతం ఏ డాక్టరు దగ్గరికెళ్లినా తన వేళ్లని తనే నమ్మకుండా, బిక్కుబిక్కుమంటూ సైగ చేస్తుంది. ఆమె మాత్రం తన పేరు తనకి మిగుల్చుకుని వెళ్లి ఉతికిన బట్టలు మడతపెట్టుకోవచ్చు.

“డాక్టరుగారూ, అది రాయకండి” అంది. అంటూనే చేతులతో కూడా అంది, ఇద్దరికీ ఒకేసారి తెలియాలని. “ఇప్పుడు మాట్లాడుతున్నది ఆవిడ కాదు, నేను. దుబాసిని.”

డాక్టరు తలెత్తాడు. “ఏమైందమ్మా? ఆ రోజు నెట్ సమస్యా?”

ఎంత మంచి దారి చూపించాడో ఆయన! ఔనండీ అంటే చాలు. అబద్ధం కూడా కాదు. రాగితీగ, రంగులేసిన గోడ, భర్త, అత్తగారి సీరియల్, ఎంతమంది మీదైనా పంచొచ్చు. అందరికీ వాటా ఉంది కూడా. ఆ వాటాలన్నీ పోను మిగిలినది ఒకటుంది, అది ఎవరికీ అంటగట్టడానికి వీల్లేకుండా ఆమెదే.

“నెట్ ఆగింది. ఆగినప్పుడు నేను మళ్లీ అడగాలి. అప్పటికే మూడుసార్లు అడిగానని సిగ్గుపడి ఊరుకున్నాను. ఆవిడ చెప్పారు. నేను చూడలేదు. చూడకుండా లేదని నేను చెప్పాను. ఆవిడ వేళ్ల తప్పేమీ లేదు. మా సంస్థకి కూడా ఇదే రాసి పంపుతాను.”

చేతులు దించేసింది.

కుట్టుపనావిడ కదల్లేదు. కళ్లు ఆమె మీదే నిలిచిపోయాయి, వాచిన చేతులు ఒళ్లో అలాగే ఉన్నాయి. బొమ్మ ఆగిపోయిందేమో అనుకుంది ఆమె ఒక్క క్షణం. ఆగలేదు. ఆవిడ వెనక గోడ మీద గడియారంలో సన్నముల్లు తిరుగుతూనే ఉంది. ఆ మొహంలో ఉన్నది కోపమో, అసహ్యమో, జాలో. క్షమించిందని అనుకోవడం ఎంత సులువు! ఆమె ఏదీ అనుకోలేదు. ఆ చేతులు లేచి ఏమంటాయో, అన్నాకే తెలుసుకుందామని చూస్తూ కూర్చుంది.